ఆర్కిటిక్‌లో మంచు తుఫాను మీద పడితే: టెంట్ వేసే చోటు నుంచి మళ్లీ బయల్దేరే దాకా

తుఫానులో ఇరుక్కుంటే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. ఇరుక్కున్నాక చేయగలిగింది నిజానికి చాలా తక్కువ. గాలి లేవడానికి ముందు ఒకటి రెండు గంటల్లో మీరు ఏం చేశారన్నదాని మీదే తర్వాతి రెండు మూడు రోజులు ఆధారపడి ఉంటాయి. అందుకే ఇందులో ముందు జాగ్రత్తల గురించే ఎక్కువ చెబుతున్నాను, టెంట్లో కూర్చునే భాగం తర్వాత వస్తుంది.

ఇదంతా స్కీల మీద స్లెడ్జ్ లాక్కుంటూ వెళ్లే ఇద్దరు ముగ్గురు మనుషుల జట్టును దృష్టిలో పెట్టుకుని రాసింది. గ్రీన్లాండ్ మంచుపలక కావచ్చు, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులు కావచ్చు, గడ్డకట్టిన సముద్రం కావచ్చు, పని వరుస దాదాపు ఒకటే. ఒంటరిగా, మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం మాత్రం కాదు. ముందు ఎవరైనా అనుభవం ఉన్న గైడుతో ఒక ట్రిప్ వేసి రండి.

1. చలిని కాదు, గాలిని లెక్కపెట్టండి

గాలి లేకపోతే మైనస్ 25 డిగ్రీల్లో కూడా సరైన బట్టలతో రోజంతా నడవొచ్చు, పైగా చెమట పడుతుంది కూడా. అదే మైనస్ 25లో గంటకు 40 కి.మీ. గాలి తోడైతే చర్మానికి అది దాదాపు మైనస్ 41లా తగులుతుంది. ఆ స్థితిలో కప్పుకోని చెంపా ముక్కూ 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకట్టడం మొదలుపెట్టొచ్చు. గ్లోవ్ తీసి ఒక జిప్పు సరిచేసుకుని మళ్లీ వేసుకునేలోపు వేళ్లు మొద్దుబారిపోతాయి.

గ్రీన్లాండ్ తూర్పు తీరం వైపు వెళ్లేవాళ్లు పితెరాక్ అనే మాట గుర్తుపెట్టుకోవాలి. మంచుపలక మీద చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట తీరానికి దూకడమే పితెరాక్. అరగంట క్రితం దాకా ఆకాశం నిర్మలంగా ఉండి కూడా వచ్చేస్తుంది. 1970 ఫిబ్రవరిలో తాసిలాక్ ఊరిని చాలావరకు ధ్వంసం చేసింది ఇదే. డెన్మార్క్ వాతావరణ సంస్థ దీనికి ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజున నడక లేదు, అంతే. దాని మీద చర్చ పెట్టకండి.

2. బయల్దేరకముందే తేల్చుకోవాల్సినవి

ముందు కాగితాల పని. గ్రీన్లాండ్ మంచుపలక మీదికి వెళ్లాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి, గాలింపు-రక్షణ ఖర్చులకు బీమా ఉండాలి. స్వాల్‌బార్డ్‌లో ఊరు దాటి వెళ్లేవాళ్ల దగ్గర ధ్రువపు ఎలుగుబంటిని బెదరగొట్టి తరిమే సాధనాలు ఉండాలని చట్టమే చెబుతుంది.

తర్వాత టెంట్. గాలికి ఎదురుగా తోక పెట్టి వేసే సొరంగం ఆకారపు టెంట్లను ఎక్కువమంది వాడతారు, ఎందుకంటే ఇద్దరు మనుషులు గాలిలో కూడా త్వరగా లేపగలరు. అంచుల చుట్టూ మంచు పోయడానికి వీలుగా బట్ట పట్టీలు కుట్టి ఉండాలి. వీలైతే పోల్స్ దూర్చే ప్రతి బట్ట గొట్టంలో రెండేసి పోల్స్ పెట్టండి. పోల్స్ లోపలి సాగే తాడు చలికి సాగడం మానేస్తుంది కాబట్టి కొన్ని కీళ్లను టేపుతో చుట్టేసి, రెండు మూడు చోట్ల మాత్రమే విడిపోయేలా ఉంచుకుంటే బయట చేసే పని సగమవుతుంది. ప్రతి జిప్పుకూ వేలెడు పొడవు తాడుముక్క కట్టండి, మందపాటి మిటెన్లతో (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే గ్లోవ్స్) జిప్పు అందుకోవడం ఎంత నరకమో మొదటి రాత్రే తెలుస్తుంది.

స్టవ్ విషయంలో నా మాట వినండి, గ్యాస్ డబ్బాను నమ్ముకుని వెళ్లొద్దు. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ద్రవ ఇంధనంతో పంపు కొట్టి వెలిగించే స్టవ్ కావాలి. దాని పంపు విడిభాగాలు, వీలైతే రెండో స్టవ్ కూడా పెట్టుకోండి. స్టవ్ ఆగిందంటే ఇక నీళ్లు ఉండవు. చుట్టూ కనుచూపు మేరా మంచే ఉన్నా తాగడానికి చుక్క దొరకదు.

సర్దుకునేటప్పుడు చూసుకోవాల్సిన జాబితా:

- ఇంధనం: మనిషికి రోజుకు సుమారు 250 మి.లీ., దాని మీద తుఫాను రోజుల కోసం అదనం
- తిండి: ప్రణాళిక మీద కనీసం 4, 5 రోజులకు ఎక్కువ
- పారలు: మనిషికొకటి, గట్టి లోహపు పలక ఉన్నవి
- మంచు దిమ్మెలు కోయడానికి రంపం
- లైటర్లు మూడు, అగ్గిపెట్టెలు నీళ్లు చొరని సంచిలో, వేర్వేరు చోట్ల
- ధ్రువాల దగ్గరా పనిచేసే ఇరిడియం శాటిలైట్ ఫోన్ లేదా మెసెంజర్. భూమధ్యరేఖ మీదుగా తిరిగే భూస్థిర శాటిలైట్లు ధ్రువం దగ్గర పనిచేయవు
- 406 మెగాహెర్ట్జ్ ఎమర్జెన్సీ బీకన్ (ఆపదలో సంకేతం పంపే పరికరం)
- లిథియం బ్యాటరీలు. ఫోన్, జీపీఎస్ ఎప్పుడూ ఒంటికి ఆనించి లోపలి జేబులో
- జట్టంతా దూరి కూర్చోగలిగే ఎమర్జెన్సీ షెల్టర్ సంచి
- కుట్టడానికి సూది, దారం, పోల్ విరిగితే తొడగడానికి లోహపు గొట్టం
- మిటెన్లు ఒక జత అదనం

ఇవన్నీ ఉన్నాక, ఇంటి దగ్గరే మిటెన్లు వేసుకుని టెంట్ పదిసార్లు వేసి తీయండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

3. ఎప్పుడు ఆగాలి

వాతావరణ సూచన రోజుకు రెండుసార్లు శాటిలైట్ ద్వారా తెప్పించుకోండి. దానికి తోడు చేతి గడియారంలో బారోమీటర్ ఉంటే ఒక చిన్న కిటుకు ఉంది. మీరు కదలకుండా టెంట్లోనే ఉన్నా గడియారం చూపించే ఎత్తు పెరుగుతోందంటే గాలి ఒత్తిడి పడిపోతోందన్నమాట. సముద్రమట్టం దగ్గర 8 మీటర్ల తేడా అంటే గాలి ఒత్తిడిలో సుమారు ఒక హెక్టోపాస్కల్ తేడా. రాత్రికి రాత్రి 40, 50 మీటర్లు పైకెక్కినట్టు చూపిస్తే ఆ రోజు దూరం ఎక్కువ పెట్టుకోకండి.

నేల మీద పొడి మంచు పాముల్లా జారుతూ కదలడం మొదలైతే అది తొలి సూచన. అది మోకాలి ఎత్తుకు లేచిందంటే ఆగిపోవాలి. ఇక్కడే అందరూ చేసే తప్పు "ఇంకో గంట నడుద్దాం" అనుకోవడం. ఆ గంటలో నడిచే రెండు మూడు కిలోమీటర్ల కోసం టెంట్ వేసుకోగల అవకాశాన్ని పోగొట్టుకుంటారు. మా జట్టుకు ఒక నియమం ఉంది: ముగ్గురిలో ఏ ఒక్కరు ఆగుదామన్నా ఆగుతాం, ఎందుకని అడగం. దీనివల్ల రెండుసార్లు అనవసరంగా ఆగాం కూడా, ఏం నష్టపోలేదు.

4. చోటు ఎంచుకోవడం

మంచుపలక మీద ఎంచుకోవడానికి పెద్దగా ఏం ఉండదు, అంతా బల్లపరుపే. పగుళ్లున్న ప్రాంతం కాకుండా, గట్టి దిమ్మెలు కోయడానికి వీలైన మంచు ఉన్నచోట ఆగితే చాలు. స్కీ కర్ర గుచ్చి చూడండి, తేలిగ్గా పిడి దాకా దిగబడిపోతే ఆ మంచు గోడకు పనికిరాదు.

కొండలున్నచోట గుట్ట వెనక నక్కి ఉండటం మంచిదనిపిస్తుంది, కానీ గాలి మోసుకొచ్చే మంచు అంతా వచ్చి పడేది సరిగ్గా అక్కడే. పైన వాలు ఉంటే మంచుచరియలు విరిగిపడే భయం కూడా. సముద్రపు మంచు మీదైతే పాత మంచు చూసుకోండి, ఒకటి రెండు వేసవులు దాటి గుండ్రటి దిబ్బలతో మందంగా ఉండేది. గాలికి కొత్త మంచు ముందు చీలుతుంది. పాత మంచులో ఉప్పు కూడా తక్కువ కాబట్టి కరిగించి తాగొచ్చు.

5. టెంట్ వేసే వరుస

ఈ వరుస తప్పితే టెంట్ గాల్లో ఎగిరిపోతుంది. ఆర్కిటిక్‌లో టెంట్ పోయిందంటే ఏమవుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

ఒకటి: సంచిలోంచి బట్ట పూర్తిగా బయటికి తీయకముందే గాలి వచ్చే వైపు కొసను స్లెడ్జ్‌కో, దిగ్గొట్టిన స్కీకో కట్టేయండి. ఆ ముడి పడేదాకా ఒకరు దాని మీద మోకాళ్లు వేసి కూర్చోవాలి.

రెండు: టెంట్‌ను గాలి వెళ్లే దిశలో పొడవుగా పరిచి, నేల మీద ఉండగానే పోల్స్ ఎక్కించండి.

మూడు: గాలి వెళ్లే వైపు కొస నుంచి లాగుతూ ఒక్కసారిగా లేపి, ఆ కొస బిగించండి.

నాలుగు: గాలి వైపు పట్టీల మీద ముందుగా మంచు పోయండి, తర్వాత పక్కలు, చివర్లో తలుపు వైపు. పోసిన మంచును కాలితో తొక్కి గట్టిపరచండి. కాసేపటికి అది సిమెంటులా బిగుసుకుంటుంది.

ఐదు: పక్క తాళ్లు. మామూలు మేకులు మంచులో నిలబడవు, స్కీలు, స్కీ కర్రలు, మంచు నింపి పాతిపెట్టిన సంచులు వాడాలి. స్కీ లోహపు అంచు తాడును కోసేస్తుంది, అందుకే తాడు తగిలేచోట గుడ్డపట్టీ చుట్టండి. తుఫాను మధ్యలో ఒక తాడు తెగితే దాని భారమంతా పక్క తాడు మీద పడుతుంది, ఆ తర్వాత అన్నీ వరుసగా తెగుతాయి.

ఈ పనంతటిలో మిటెన్లు తీసినా అవి మణికట్టుకు తాడుతో వేలాడుతూ ఉండాలి. చిన్నపిల్లలకు కట్టినట్టు ఉంటుందని నేను మొదట్లో కట్టుకోలేదు. ఒకసారి ముడి వేయడానికి కుడిచేతిది తీసి పళ్లతో పట్టుకున్నాను, పక్కనున్నతను ఏదో అడిగితే "ఆఁ?" అన్నాను. అది గాలికి దొర్లుకుంటూ పోవడం రెండు సెకన్లు కనిపించింది. మిగిలిన ట్రిప్పంతా సాక్సు తొడిగిన చెయ్యే.

6. మంచు గోడ

గాలి వైపు టెంట్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో, టెంట్ ఎత్తులో మూడింట రెండు వంతులు ఉండేలా అర్ధచంద్రాకారంగా కట్టండి. మరీ దగ్గరగా కడితే గోడ వెనక పేరుకునే మంచు నేరుగా టెంట్ మీదే పడుతుంది, మరీ దూరమైతే గోడ కట్టీ ఉపయోగం ఉండదు. ఎత్తు ఎక్కువైతే మంచిదనుకుంటారు కానీ ఎంత ఎత్తు గోడకు అంత పెద్ద దిబ్బ పేరుకుంటుంది.

దిమ్మెల మధ్య సందుల్లో పొడి మంచు కూరాలి, లేకపోతే గాలి ఆ సందుల్లోంచే కోసుకుంటూ గోడను తినేస్తుంది. ఈ పనిలో చెమట పట్టనివ్వకండి. పై కోటు తీసేసి నెమ్మదిగా చేయండి, ఆపగానే తొడుక్కోండి. చెమటతో తడిసిన లోపలి బట్టలు మూడు గంటల తర్వాత టెంట్లో కూర్చున్నప్పుడు అసలు చలి ఏంటో చూపిస్తాయి.

స్లెడ్జ్‌లను గోడకు ఆనించి కట్టి, పక్కన ఒక స్కీని నిలువుగా పాతండి. తెల్లారేసరికి స్లెడ్జ్ ఎక్కడుందో చెప్పేది అదొక్కటే.

7. లోపలికి చేరడం

ఒకరు ముందు లోపలికి వెళ్లి చాపలు, బ్యాగులు సర్దుతారు, రెండోవారు బయట నుంచి అందిస్తారు. ఆ రెండోవారు టెంట్ తలుపు దగ్గరి వసారాలో మోకాలి లోతు గొయ్యి తీయాలి. చల్లగాలి బరువు కాబట్టి అందులోకి దిగుతుంది, పైగా కాళ్లు కిందికి పెట్టి కూర్చుని బూట్లు విప్పుకోవచ్చు. బట్టల మీది మంచునంతా బ్రష్‌తో దులిపాకే లోపలికి రావాలి. దులపకుండా తెచ్చిన గుప్పెడు మంచు స్టవ్ వేడికి కరిగి స్లీపింగ్ బ్యాగులోకే చేరుతుంది.

జిప్పు వేసే ముందు చేతికి అందేలా ఇవి లోపల ఉన్నాయా చూసుకోండి:

- ఒక పార (వసారాలో, బయట కాదు)
- కత్తి, టెంట్ కూలినా అంటుకున్నా కోసుకుని బయటపడటానికి
- ఫోన్, బీకన్, హెడ్‌లైట్
- రెండు రోజుల తిండి, ఇంధనం
- ఎమర్జెన్సీ షెల్టర్
- మూత్రం సీసా, ఆకారంలో మంచినీళ్ల సీసాకు పూర్తిగా వేరైనది (చీకట్లో ఈ తేడా చాలా ముఖ్యం)

పార బయట గుచ్చి వదిలేసి లోపలికి వచ్చినవాళ్లు దాన్ని వెతకడానికి చేతులతో తవ్వాల్సి వస్తుంది.

8. స్టవ్, నీళ్లు, ఊపిరి

తుఫానులో టెంట్ లోపలి మనుషులను చలికంటే ముందు చంపగలిగేది కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. బయట మంచు పేరుకుని గాలి రంధ్రాలు మూసుకుపోతుంటే లోపల స్టవ్ మండుతూ ఉంటుంది. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మగత. తుఫానులో అలసటగా ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అనిపిస్తాయి, ప్రమాదమంతా అక్కడే ఉంది.

కాబట్టి వెలిగించే ముందు ప్రతిసారీ పైన ఒకటి, కింద ఒకటి రంధ్రం తెరిచి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. స్టవ్ వసారాలో, పలక మీద బిగించి ఉండాలి. వెలిగించాక ఒకరు దాని పక్కనే కూర్చోవాలి. స్టవ్ వెలుగుతుండగా ఇద్దరూ కన్ను మూయకూడదు. బట్టలు ఆరేయడానికి వెలిగించుకోవచ్చా అని అడుగుతారు, ఇంధనం లెక్క సరిపోతే సరే, కానీ మెలకువగా ఉన్నప్పుడు మాత్రమే.

ఇంధనం నింపేటప్పుడు చేతికి పల్చటి గ్లోవ్ తప్పనిసరి. మైనస్ 30లో ఇంధనం గడ్డకట్టదు, మైనస్ 30లోనే ద్రవంగా ఉంటుంది. వేళ్ల మీద ఒలికితే అక్కడికక్కడే చర్మం గడ్డకడుతుంది.

మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున కొంచెం నీళ్లు పోసి మొదలుపెట్టండి, లేకపోతే అడుగు మాడిన వాసన నీళ్లకు పడుతుంది. పడుకునే ముందు ఫ్లాస్కులన్నీ వేడి నీళ్లతో నింపుకోవాలి. ఒకవేళ తెల్లారి స్టవ్ వెలగకపోయినా ఒక పూట గడుస్తుంది. మామూలు సీసాలను తలకిందులుగా ఉంచండి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత బిగుసుకుపోదు.

9. తుఫాను రోజులు ఎలా గడపాలి

అసలు పని తవ్వడమే. మంచు కురిసే తీరును బట్టి రెండు మూడు గంటలకోసారి ఒకరు బయటికి వెళ్లాలి, రాత్రి కూడా. వంతులు ముందే రాసుకోండి, లేకపోతే రాత్రి రెండింటికి ఇద్దరూ నిద్రపోతున్నట్టు నటిస్తారు.

వెళ్లే మనిషి పూర్తిగా బట్టలు, గాగుల్స్ వేసుకునే వెళ్లాలి, "రెండు నిమిషాలేగా" అనుకోకూడదు. అరచేయి కనిపించనంత తెల్లగా ఉంటే నడుముకు తాడు కట్టుకుని రెండో కొస టెంట్‌కు కట్టాలి. అయిదు మీటర్ల దూరంలో టెంట్ కనబడకుండా పోవడం అక్కడ మామూలు సంగతి. ముందు గాలి రంధ్రాలు, తర్వాత తలుపు, తర్వాత పక్కలు. బట్ట దగ్గరికొచ్చేసరికి పార పక్కన పెట్టి చేతులతో లాగండి. పార తగిలి టెంట్ చిరిగితే గాలి మిగతా పని తనే చేస్తుంది.

తిండి మొదటి రోజు నుంచే తగ్గించండి. నడిచే రోజున 5,000 కేలరీలు తినేవాళ్లకు పడుకునే రోజున సగం, లేదా కాస్త ఎక్కువ చాలు. నీళ్లు మాత్రం తగ్గించొద్దు. మూత్రానికి లేవడం బద్ధకమని నీళ్లు మానేసేవాళ్లు ఉంటారు, వాళ్ల కాళ్లూ చేతులే ముందు చల్లబడతాయి.

స్లీపింగ్ బ్యాగు ముఖం మీదికి లాక్కుని లోపల ఊపిరి వదలకండి. ఆ తేమంతా బ్యాగు లోపలి పొరల్లో మంచుగా మారి రోజురోజుకీ బ్యాగు బరువెక్కుతుంది, వెచ్చదనం తగ్గుతుంది. ఒంటి తేమ కూడా చేరకుండా లోపల గాలి చొరని పల్చటి సంచి వేసుకునే పద్ధతి ఉంది. జిడ్డుగా, చిరాగ్గా ఉంటుంది కానీ రెండు వారాలు దాటే ట్రిప్పులో ఆ చిరాకు భరించాల్సిందే. బూట్ల లోపలి పొర, తడి గ్లోవ్స్, లైటర్ అన్నీ బ్యాగులో మీతోపాటే పడుకుంటాయి. పొద్దున్నే లేవగానే, స్టవ్ వెలిగించకముందే, టెంట్ లోపలి గోడలకు పట్టిన మంచు పొడిని బ్రష్‌తో దులిపి బయట పారేయండి.

ఇక గాలి మోత. గంటల తరబడి ఆ బట్ట టపటపా కొట్టుకుంటూ ఉంటే పక్కవాడి మాట వినిపించదు, నిద్ర పట్టదు, టెన్షన్ పెరుగుతుంది. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవచ్చు, కానీ ఒకరు పెట్టుకుంటే రెండోవారు పెట్టుకోకూడదు.

10. ఒంటిని గమనించడం

బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ ఒకరి ముఖం ఒకరు చూడాలి. ముక్కు కొసన, చెంప మీద మైనంలా తెల్లటి మచ్చ కనిపిస్తే వెచ్చటి అరచేయి దానిమీద ఒత్తి పెట్టండి. రుద్దకూడదు, మంచుతో రుద్దడం అస్సలు కూడదు. కాలివేళ్లు మొద్దుబారితే తోటివారి పొట్ట మీద పెట్టి వేడి చేయాలి. ఇక్కడ మొహమాటాలు పనికిరావు.

చర్మం చెక్కలా గట్టిపడిందంటే అది లోతైన ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి ఒళ్లు లోపలి దాకా గడ్డకట్టడం. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్నంతవరకు దాన్ని కరిగించొద్దు, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. వెచ్చగా ఉంచగలమన్న భరోసా ఉన్నప్పుడే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచాలి.

హైపోథెర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, వచ్చినవాళ్లు తమకేం కాలేదనే అంటారు. మాట తడబడటం, వస్తువులు జారవిడవడం, కారణం లేకుండా చిరచిరలాడటం చూసి మీరే పట్టుకోవాలి. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా ఉంటే కోలుకుంటున్నాడని కాదు, దిగజారుతున్నాడని. పొడి బట్టలు వేసి, బ్యాగులో పడుకోబెట్టి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. మద్యం వద్దు. కుదపకుండా, నిలబెట్టకుండా చూసుకోండి.

11. టెంట్ నిలబడకపోతే

పోల్ విరిగితే గొట్టం తొడిగి టేపు చుట్టండి. బట్ట చిరగడం మొదలైతే పోల్స్ దించేసి, టెంట్‌ను నేలకు పరిచి, దాని కింద బ్యాగుల్లో పడుకోవడం ఒక దారి. అది ఘోరంగా ఉంటుంది, అయినా బట్ట మిగులుతుంది.

అదీ కుదరకపోతే పారలు తీసుకుని కందకం తవ్వాలి. మనిషి పొడవు, ఛాతీ లోతు, పైన స్కీలు అడ్డంగా వేసి చిరిగిన బట్ట పరిచి దాని మీద మంచు దిమ్మెలు. గాలి ఆడటానికి స్కీ కర్రతో ఒక రంధ్రం పెట్టి, అప్పుడప్పుడు కెలుకుతూ ఉండండి. తవ్వుతున్నంతసేపూ తవ్వనివాళ్లు షెల్టర్ సంచిలో ఉండాలి.

సాయం కోసం ఫోన్ చేయడంలో ఆలస్యం వద్దు. తుఫానులో హెలికాప్టర్ రాలేదు, నిజమే, కానీ గాలి తగ్గిన వెంటనే బయల్దేరేలా వాళ్లు సిద్ధంగా ఉంటారు. అక్షాంశ రేఖాంశాలు చెప్పేటప్పుడు అవి డిగ్రీల్లో దశాంశాలా, నిమిషాలా అన్నది కూడా చెప్పండి.

12. గాలి తగ్గాక

మధ్యలో కాసేపు నిశ్శబ్దం వచ్చి మళ్లీ గాలి రెండో దిక్కు నుంచి లేవడం ఉంటుంది. అందుకని టెంట్ విప్పేయకుండా ముందు కొత్త సూచన తెప్పించుకోండి. ఆ వ్యవధిని తవ్వుకోవడానికి, గోడ సరిచేయడానికి వాడుకోండి.

తీరం దగ్గరైతే తల బయటపెట్టే ముందు చుట్టూ చూడండి. ఆ మోతలో ఎలుగుబంటి పక్కకొచ్చినా మీకు వినిపించి ఉండదు. ఎలుగుబంటి వస్తే తెలిసేలా టెంట్ చుట్టూ కట్టిన హెచ్చరిక తీగ మంచులో కూరుకుపోయి ఉంటుంది, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

బ్యాగులను ఎండలో, గాలిలో ఆరేయండి. తుఫాను తెచ్చిన మంచు పగుళ్ల మీద పల్చటి వంతెనలు కట్టి ఉంటుంది, సముద్రపు మంచు మీద కొత్త చీలికలు తెరుచుకుని ఉంటాయి, నిన్న చూసుకున్న దారి ఇవాళ ఉండకపోవచ్చు. రెండు రోజులు పడుకున్న కాళ్లు కూడా మునుపట్లా ఉండవు, అందుకే మొదటి రోజు సగం దూరమే పెట్టుకోండి.

టెంట్ మడిచే ముందు పాతిపెట్టిన సంచులు, స్కీ కర్రలు, తాళ్లు లెక్కపెట్టి తీయండి. గడ్డకట్టి రాకపోతే లాగకండి, పార కొసతో చుట్టూ పగలగొట్టండి. లెక్క తగ్గితే అక్కడే ఉండి వెతికి, దొరికాకే కదలండి.